రెండంతస్తుల ఇంటికి మెష్ వైఫై: డెకో ఎక్స్50తో ఎనిమిది నెలలు

తెనాలిలో మా ఇల్లు 1998లో కట్టినది. కింది భాగంలో అమ్మా నాన్నగారూ ఉంటారు, పై భాగంలో మేమూ పిల్లలూ ఉంటాం, దాని పైన డాబా మీద ఒక చిన్న గది ఉంది. బయటి గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, లోపలివి నాలుగున్నర అంగుళాలవి. రెండు అంతస్తులకూ మధ్య ఇనుప చువ్వలు దగ్గర దగ్గరగా కట్టి పోసిన కాంక్రీటు స్లాబు ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఫైబర్ తీగను వరండా గోడలోంచి లోపలికి లాగి, కింది హాల్లో టీవీ వెనక ఓఎన్‌టీ పెట్టెను (ఫైబర్‌లో వచ్చే ఇంటర్నెట్‌ను ఇంటికి అందించే పెట్టె, వైఫై కూడా అందులోనే ఉంటుంది) బిగించి వెళ్లారు. మా ప్లాను 300 ఎంబీపీఎస్‌ది, అంటే సెకనుకు 300 మెగాబిట్లు. ఆ హాల్లో సోఫాలో కూర్చుంటే ల్యాప్‌టాప్‌లో 280 వరకు వచ్చేది. పైన నేను పని చేసుకునే గదిలో మాత్రం 6 నుంచి 8 మధ్య ఊగిసలాడేది, ఆఫీసు వీడియో కాల్‌లో నా మాట సగంలో ఆగిపోయేది. డబ్బు మొత్తం వేగానికి కడుతూ అందులో నలభయ్యో వంతు వాడుకుంటున్నామన్న సంగతి చాలాకాలం పట్టించుకోలేదు. అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో కనెక్షన్ తెగిపోయిన రోజున ఇక ఆగకూడదనుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది టీపీ-లింక్ కంపెనీ మెష్ వైఫై డెకో ఎక్స్50, అంటే వేర్వేరు చోట్ల పెట్టినా ఒకే పేరుతో ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే రెండు రౌటర్ యూనిట్ల పెట్టె. కొన్నప్పుడు సుమారు పదమూడు వేల రూపాయలైంది. ఈ సమీక్ష దాని గురించే అయినా, మా అనుభవంలో ఆ పరికరం ఎంత పని చేసిందో దాని వెనక వేసిన కేబుల్ కూడా అంతే పని చేసింది కాబట్టి రెండింటినీ కలిపే చెబుతాను.

ముందు పరికరం గురించి. ఒక్కో యూనిట్ తెల్లటి పొట్టి గుండ్రటి డబ్బాలా ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చే యాంటెనాలు ఉండవు, కాబట్టి హాల్లో షెల్ఫ్ మీద పెట్టినా ఇంట్లోవాళ్లు అభ్యంతరం చెప్పలేదు. వెనక కేబుల్ గుచ్చే మూడు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులుంటాయి. ఏది ఇంటర్నెట్‌కు, ఏది ఇంట్లో పరికరాలకు అన్న తేడా లేకుండా ఏ పోర్టులో ఏది గుచ్చినా అదే గుర్తుపడుతుంది. యూఎస్‌బీ పోర్టు లేదు, హార్డ్ డిస్కు తగిలించుకోవాలనుకునేవారు ఈ సంగతి ముందే గమనించాలి. ఇది వైఫై 6 తరానికి చెందిన రెండు బ్యాండ్ల పరికరం, అంటే రెండు రేడియో తరంగాల శ్రేణుల్లో పనిచేస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఏఎక్స్ 3000 అని రాసి ఉంటుంది.

ఈ 3000 అనే అంకెను చూసి మోసపోయేవారు చాలామంది ఉన్నారు, నేనూ మొదట దాన్నే ఇంట్లో వచ్చే వేగం అనుకున్నాను. అది 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 2402, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 574 కలిపి రాసిన మొత్తం. ఏ ఫోనూ ఆ రెండింటినీ కూడేసి వాడుకోదు. పైగా ఆ 2402 రావాలంటే రౌటరూ ఫోనూ రెండూ 160 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్‌ను (బ్యాండ్‌లో ఒకేసారి వాడుకునే భాగాన్ని) అందుకోగలగాలి. చాలా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు 80 మెగాహెర్ట్జ్‌తోనే ఆగుతాయి కనుక వాటికి లింకు వేగం 1201 దాటదు; పాత వైఫై 5 ల్యాప్‌టాప్ అయితే 866 దగ్గరే ఆగుతుంది. ఈ అంకెలన్నీ గాలిలో కుదిరే లింకు వేగాలు. డౌన్‌లోడ్‌లో చేతికందేది అందులో సుమారు సగం, గోడలు అడ్డొస్తే ఇంకా తక్కువ. కాబట్టి పెట్టె మీద 1800 ఉందా, 3000 ఉందా, 5400 ఉందా అని చూసేముందు మన ప్లాను ఎంత, మన పరికరాలు ఏ తరానివి అని చూసుకోవడం మేలు. మా ప్లాను 300 కాబట్టి 3000 అంకె నాకు చాలిన దానికంటే ఎక్కువే. నేను ఈ మోడల్‌ను ఎంచుకున్న కారణం మూడు గిగాబిట్ పోర్టులు.

దీనికి ముందు చేసిన ప్రయత్నాన్ని కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో మొదట జరిగేది ఇదే. గోడ ప్లగ్గులో గుచ్చే రేంజ్ ఎక్స్‌టెండర్ ఒకటి తెచ్చి పై గదిలో నా బల్ల పక్కనే పెట్టాను. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించేవి, వేగం మాత్రం 20 దాటేది కాదు. కారణం తర్వాత అర్థమైంది. ఎక్స్‌టెండర్ తనకు అందిన సిగ్నల్‌నే మళ్లీ పంపుతుంది. అది కూర్చున్న చోట అసలు సిగ్నలే బలహీనంగా ఉంటే, ఆ బలహీనతనే గది నిండా పంచుతుంది. ఫోన్‌లో నిండుగా కనిపించిన గీతలు ఎక్స్‌టెండర్‌కూ ఫోనుకూ మధ్య దూరానివి. దాన్ని మెట్ల మలుపు దగ్గర, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టి ఉంటే కొంత నయంగా ఉండేది. అదొక్కటే కాదు, అది వేరే పేరుతో నెట్‌వర్క్ చూపించేది, అందువల్ల మెట్లెక్కి వచ్చిన ప్రతిసారీ ఫోన్ కింది నెట్‌వర్క్‌నే పట్టుకుని వేలాడేది.

ఎనిమిది యాంటెనాలున్న ఒక్క పెద్ద రౌటర్ కొంటే సరిపోతుందని దుకాణంలో చెప్పారు. వైఫై రెండు వైపులా నడిచే సంభాషణ. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, అరచేతిలో ఇమిడే ఫోన్ జవాబు స్లాబును దాటి రౌటర్ చెవిన పడాలి కదా. రౌటర్ ఎంత బలంగా ప్రసారం చేయవచ్చో కూడా నియమాలు పరిమితి పెట్టాయి. ఒకే అంతస్తులో ఉన్న రెండు పడక గదుల ఫ్లాటుకు మంచి రౌటర్ ఒక్కటి మధ్య గదిలో పెడితే చాలు, అలాంటి ఇంటికి మెష్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. మాలాంటి రెండంతస్తుల ఇంటికి, పొడవుగా వరుస గదులున్న ఇంటికి మాత్రం ప్రసారం చేసే చోటే మనకు దగ్గరగా రావాలి.

వైఫై 7 వచ్చేసింది కదా, దాన్నే కొనవచ్చు కదా అని మా తమ్ముడు అడిగాడు. వైఫై 7 పరికరాలకు ధ్రువీకరణ 2024 జనవరిలోనే మొదలైంది. దాని గొప్పదనంగా చెప్పే 320 మెగాహెర్ట్జ్ వెడల్పు చానళ్లు 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే ఉంటాయి. మన దేశంలో ఆ బ్యాండ్‌లో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చే ముసాయిదా నియమాలు 2025 మేలో వెలువడ్డాయి, నేను కొనేనాటికి ఆ దారి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. పైగా మా ఇంట్లో వైఫై 7 ఫోన్ ఒక్కటీ లేదు. 300 ఎంబీపీఎస్ ప్లానుకు ఆ ఖర్చు అనవసరమనిపించింది.

డెకోను ఏర్పాటు చేయడం తేలికే, దాని సొంత ఫోన్ యాప్‌తో పావుగంటలో అయింది. ఇక్కడ రెండు పనులు మరవకూడదు. మొదటిది, కొత్త నెట్‌వర్క్‌కు పాత పేరునే, పాత పాస్‌వర్డ్‌నే ఇవ్వాలి. మా ఇంట్లో టీవీలు, ఫోన్లు, గేటు దగ్గరి కెమెరా, గీజరు స్మార్ట్ ప్లగ్గు కలిపి పద్దెనిమిది పరికరాలున్నాయి. పేరు మారకపోవడంతో అవన్నీ వాటంతట అవే కలిశాయి, ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి పాస్‌వర్డ్ కొట్టే పని తప్పింది. రెండోది, ఓఎన్‌టీలో ఉన్న వైఫైని ఆపేయాలి. ఆపకపోతే అదే పేరుతో రెండు వేర్వేరు వ్యవస్థలు ఒకే హాల్లో అరుస్తుంటాయి, ఫోన్ ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. ఆ ఓఎన్‌టీ అడ్మిన్ పాస్‌వర్డ్ కనెక్షన్ ఇచ్చినవారి దగ్గరే ఉంటుంది, దానికోసం మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. అంతవరకు డెకోను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే రౌటర్ పని ఓఎన్‌టీకే వదిలి వైఫై మాత్రమే ఇచ్చేలా, నడిపాను. ఆ మోడ్‌లో పిల్లల ఫోన్లకు సమయ పరిమితి పెట్టడం, ఏ పరికరానికి ముందు వేగం ఇవ్వాలో చెప్పడం లాంటివి పనిచేయవు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి (రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను డెకోకు అందించేలా) మార్పించుకుని, కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను డెకోలోనే కొట్టాక అవి అందుబాటులోకి వచ్చాయి.

ఒక యూనిట్ కింది హాల్లో, రెండోది పైన మెట్ల పక్క హాల్లో పెట్టి, మొదటి పది రోజులు తీగ లేకుండానే వాడాను. నా గదిలో వేగం 8 నుంచి 110కి పెరిగింది. ఇది చిన్న మార్పేమీ కాదు. ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే ఇంతే చాలని చెప్పేవాణ్నే. రెండు బ్యాండ్ల మెష్ ఏ కంపెనీది తీసుకున్నా ఒక పరిమితి ఉంటుంది: పై యూనిట్ నా ల్యాప్‌టాప్‌తో మాట్లాడేదీ, కింది యూనిట్‌తో మాట్లాడేదీ అదే 5 గిగాహెర్ట్జ్ గాలిలో కాబట్టి ఉన్న సమయాన్ని రెండు పనులకూ పంచుకుంటుంది, వేగం సుమారు సగానికి పడుతుంది. స్లాబు తన వంతు కూడా తీసుకుంటుంది. ఇంకో బ్యాండ్‌ను యూనిట్ల మధ్య సంభాషణకే కేటాయించే మూడు బ్యాండ్ల మెష్‌లు ఉన్నాయి, వాటి ధర చాలా ఎక్కువ. అంత డబ్బుకు బదులు రెండు యూనిట్లనూ ఒక కేబుల్‌తో కలిపితే పని పూర్తవుతుంది. ఇల్లు కట్టినప్పుడు నాన్నగారు టీవీ యాంటెనా తీగ కోసం గోడలోంచి డాబా వరకు వేయించిన పైపు ఒకటి ఉంది, పాతికేళ్లుగా అది ఖాళీగానే పడి ఉంది.

కేబుల్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. దుకాణంలో క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుళ్లలో ఒక రకం) అని ముద్ర వేసి అమ్మేవాటిలో లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉన్నవి ఉంటాయి. అవి చవక, కానీ వంచితే త్వరగా తెగుతాయి, నిరోధం కూడా ఎక్కువ. ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూస్తే తెలిసిపోతుంది: లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం, గీకినా ఎర్రగానే ఉంటే రాగి. నేను ఆ పరీక్ష దుకాణం గడప మీదే చేసి, మొదట చూపించింది వెనక్కిచ్చి, పూర్తి రాగిది పాతిక మీటర్లు తీసుకున్నాను.

కేబుల్ లాగడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ స్టీలు స్ప్రింగును పైపులోకి పంపి, దాని కొసకు కేబుల్ కట్టి, ఇరవై నిమిషాల్లో పైకి లాగేశాడు. రెండు కొసలకూ కనెక్టర్లు బిగించి, యూనిట్లకు తగిలించాం. యాప్‌లో పై యూనిట్ ఈథర్‌నెట్‌తో కలిసిందని చూపించింది. ఆశగా వేగం పరీక్షిస్తే 94 వచ్చింది. మళ్లీ చేస్తే మళ్లీ 94. తీగ లేకుండా 110 వచ్చిన చోట తీగ వేశాక తగ్గడమేమిటో ఆ క్షణాన అర్థం కాలేదు.

అయితే ఈ 94 అనే అంకె ఊరికే రాదు. ఎక్కడో ఒకచోట లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోయిందనడానికి అది గుర్తు. గిగాబిట్ లింకు అయితే పై హద్దు 940 దగ్గర కనిపిస్తుంది. పైనున్న కొసను ల్యాప్‌టాప్‌కు గుచ్చి చూస్తే నెట్‌వర్క్ వివరాల్లో లింకు వేగం 100 అని స్పష్టంగా ఉంది. కనెక్టర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. పారదర్శకమైన ఆ ప్లాస్టిక్ ముక్కలో ఎనిమిది గాడులుంటే నాలుగింటిలోనే తీగలున్నాయి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, ఆకుపచ్చ. నీలం జత, గోధుమ రంగు జత కత్తిరించేసి ఉన్నాయి. అడిగితే అతను, “నాలుగు తీగలు చాలండీ, కెమెరాలన్నిటికీ అలాగే వేస్తాం, ఇంతవరకు ఎవరూ కంప్లైంటు చేయలేదు” అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. 100 ఎంబీపీఎస్ లింకుకు రెండు జతలు చాలు, కెమెరాకు అది సరిపోతుంది. గిగాబిట్‌కు మాత్రం నాలుగు జతలూ, అంటే ఎనిమిది తీగలూ కావాలి. ఆ సంగతి వివరంగా చెప్పాక అతనే ఓపిగ్గా రెండు కొసలూ కత్తిరించి, తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ అన్న వరుసలో ఎనిమిదింటినీ పేర్చి మళ్లీ బిగించాడు. ఆ తర్వాత నా గదిలో వచ్చిన వేగం 290. ఎనిమిది నెలలుగా అది 280కి తగ్గిన రోజు లేదు.

ఇదే కారణంతో కొనేముందు పోర్టుల వివరం చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను. అదే డెకో వరుసలో ఈ4 అనే మోడల్‌కు ఉన్నవి 100 ఎంబీపీఎస్ పోర్టులు, ఎం4కు గిగాబిట్ పోర్టులు. రెండూ వైఫై 5 పరికరాలే, రెండిటి పెట్టెల మీదా ఏసీ 1200 అనే ఉంటుంది, పైకి పెద్ద తేడా కనిపించదు. ప్లాను 100 లోపు ఉన్న ఇంటికి రెండూ పనికొస్తాయి. 200, 300 ప్లాను ఉన్న ఇంటికి, కేబుల్ వేసే వీలుంటే, ఎం4 కూడా చక్కగా సరిపోతుంది, ఎక్స్50కు పెట్టిన డబ్బులో చాలా భాగం మిగులుతుంది.

యూనిట్‌ను ఎక్కడ పెడతామన్నది కూడా ఫలితాన్ని చాలా మారుస్తుంది. కింది యూనిట్‌ను మొదట టీవీ వెనకే, ఓఎన్‌టీ పక్కన పెట్టాను. అమ్మ పడగ్గదిలో సిగ్నల్ మైనస్ 74 డీబీఎం చూపించింది. ఈ కొలతలో అంకె సున్నాకు దగ్గరైన కొద్దీ సిగ్నల్ బలం ఎక్కువ, ప్రతి 3 అంకెలకూ బలం రెట్టింపవుతుంది లేదా సగమవుతుంది. వీడియో కాల్ సాఫీగా సాగాలంటే మైనస్ 67 కంటే మెరుగ్గా ఉండాలి. హాలుకూ ఆ గదికీ మధ్య గోడకు ఆనించి ఇనుప బీరువా ఉంది, నిలువుటద్దంతో సహా. బీరువాను కదిపే ప్రశ్నే లేదు, యాభై ఏళ్ల నాటి వస్తువు, అందులో అమ్మ పట్టుచీరలున్నాయి. రెండు మీటర్ల కేబుల్‌తో డెకోను గది గుమ్మానికి ఎదురుగా ఉన్న షెల్ఫ్ మీదికి మార్చాను, ఛాతీ ఎత్తులో. మైనస్ 74 కాస్తా మైనస్ 58 అయింది. పైసా ఖర్చు లేకుండా సిగ్నల్ బలం నలభై రెట్లు పెరిగిందన్నమాట.

160 మెగాహెర్ట్జ్ చానల్‌ను ఆన్ చేసి కొన్నాళ్లు చూశాను, తర్వాత ఆపేశాను. ఆ వెడల్పు కావాలంటే రాడార్లు కూడా వాడే చానళ్లను కలుపుకోవాలి; నియమం ప్రకారం రౌటర్ ముందు ఒక నిమిషం ఆ చానల్‌ను విని, రాడార్ లేదని నిర్ధారించుకున్నాకే ప్రసారం మొదలుపెట్టాలి, మధ్యలో రాడార్ జాడ తగిలితే వెంటనే ఖాళీ చేయాలి. మా ప్లానుకు 80 మెగాహెర్ట్జ్ ధారాళంగా చాలు. స్మార్ట్ ప్లగ్గు, గేటు కెమెరా లాంటి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసిన పాత పరికరాల కోసం యాప్‌లో ఐఓటీ నెట్‌వర్క్ అనే వసతి ఉంది; వాటిని అందులో ఉంచి, అసలు నెట్‌వర్క్‌కు మెరుగైన డబ్ల్యూపీఏ3 భద్రతను పెట్టుకోగలిగాను. ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ మెట్లెక్కినా వాట్సాప్ కాల్ తెగడం లేదు, ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కు మారిన సంగతి కూడా తెలియడం లేదు. నాకు ఈ పరికరంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

నచ్చనివీ ఉన్నాయి. అమరికలన్నీ ఫోన్ యాప్‌లోంచే చేయాలి, బ్రౌజర్‌లో తెరిచే పేజీలో చేయగలిగింది చాలా తక్కువ. చానల్‌ను మనమే ఎంచుకునే స్వేచ్ఛ మామూలు రౌటర్లతో పోలిస్తే పరిమితం. లోతుగా మార్పులు చేసుకోవడం ఇష్టమున్నవారికి ఇది ఇరుకుగా అనిపించవచ్చు. పిల్లల నియంత్రణకు, భద్రతకు సంబంధించిన కొన్ని వసతులకు ప్రతి నెలా చందా అడుగుతారు. మాకు ఉచితంగా ఇచ్చినవే సరిపోయాయి.

కరెంటు సంగతి ఒకటి మిగిలింది. వేసవిలో మా వైపు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, టీవీ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేకపోవడం వల్ల కరెంటు పోగానే ఓఎన్‌టీ ఆరిపోయేది. అదే ఎలక్ట్రీషియన్‌తో రెండు యూనిట్ల ప్లగ్గులనూ, ఓఎన్‌టీ ప్లగ్గునూ ఇన్వర్టర్ లైనులోకి మార్పించాను. అయినా కరెంటు పోయిన ప్రతిసారీ అన్నీ ఒక్కసారి ఆరి వెలిగేవి, మళ్లీ ఇంటర్నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టేది. ఇన్వర్టర్ వెనక వైపు చూస్తే చిన్న మీట ఒకటి ఉంది, ఎకో అని ఒకవైపు, యూపీఎస్ అని ఇంకోవైపు రాసి ఉంది; మాది కొన్నప్పటి నుంచీ ఎకో వైపే ఉంది. దాన్ని, బ్యాటరీకి ఇంకా త్వరగా మారే యూపీఎస్ వైపు జరిపాక కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఒక్క క్షణం తడబడుతుంది కానీ డెకో దీపం మాత్రం ఆరడం లేదు. ఇన్వర్టర్ ఇంటివారు రౌటర్ మీద ఇంకా డబ్బు పెట్టేముందు ఆ మీట ఎటు ఉందో ఒకసారి చూసుకోండి.